వాలుకుర్చీల ఓడ

ఒకప్పుడు నేను ఓడ నిండా ఉన్న మనుషులకు క్షయరోగం నిర్ణయించాను. ఒక కెప్టెన్‌ను, ఇద్దరు డాక్టర్లను, పుంగనూరు చింతపండు వ్యాపారి ఒకాయనను ముప్పుతిప్పలు పెట్టాను. భద్రంగా చేర్చమని అప్పగించిన మా వదినను చావు గుమ్మం దాకా నడిపించాను. ఇదంతా బి.ఎ. పట్టా పుచ్చుకున్నాక చేసిన నిర్వాకం కాబట్టి, చదువులేక చేశాననడానికి కూడా వీలులేదు. చదివి నవ్వుకోండి. మధ్యలో నాకు బుద్ధి చెప్పాలనిపిస్తే మాత్రం ఓర్చుకోండి. ఆ పనికి మీకంటే ముందు చాలామంది పూనుకుని, అలిసిపోయి, ఎవరి ఇళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు.

యుద్ధం అప్పుడే ముగిసింది. మా అన్న మలయాలో ఒక రబ్బరు తోట ఆసుపత్రిలో గాయాలకు కట్లు కట్టే డ్రస్సరు. కుప్పం పిల్ల రూతును పెళ్ళి చేసుకుని, ముందు తాను వెళ్ళి ఇల్లు సర్దుతానని ఓడెక్కాడు. అతను ఇల్లు సర్దేలోపల అక్కడికి జపానువాళ్ళు వచ్చేశారు. ఇక ఏళ్ళ తరబడి మనిషి ఉన్నాడో లేడో తెలియదు. వదిన కుప్పంలో పుట్టింట ఉండి, ఆదివారం గుళ్ళో అందరి ప్రార్థనలూ అయిపోయి బెంచీలు ఖాళీ అయ్యాక కూడా మోకాళ్ళ మీదే ఉండిపోయేది. చివరకు అన్న బతికే ఉన్నాడని, భార్యను పంపమంటున్నాడని కబురు వచ్చింది. ఒంటరిగా పంపలేరు. ఇంగ్లీషు వచ్చిన ఆడతోడు కావాలి. మా ఇంట్లో అట్లాంటి జీవి నేనొక్కతెనే.

"రూతును తీసుకపోయి వాని చేతిలో పెట్టు ఎస్తేరూ. అంతే నీ పని. దోవలో ఎవురితోనూ తగువు పెట్టుకోవాకు," అంది అమ్మ.

పెట్టుకోనని మాటిచ్చాను. ఇచ్చేముందు తగువు అంటే ఏమిటో నిర్వచించమని అడిగి, అప్పటికప్పుడే అమ్మతో ఒకటి పెట్టుకున్నాను.

మా మదనపల్లె బస్సు పుంగనూరులో ఆగినప్పుడు ఖాదర్ సాయిబు ఎక్కాడు. చింతపండు వ్యాపారి, మా నాన్నకు పాత స్నేహితుడు. మలయా రేవు పినాంగులో ఆయన బావమరిదికి అంగడి ఉంది. ఆయనదీ మా ఓడే. కాకపోతే మాది రెండో తరగతి కాబిన్, ఆయనది కింది డెక్కు. నాన్న మమ్మల్ని ఆయనకు అప్పగించాడు, ఆయన్ను నాకు అప్పగించాడు. ఎవరికెవరు దిక్కో తేలకుండానే కుప్పం చేరి, వదినను వెంటబెట్టుకుని మద్రాసు రైలెక్కాం. ఆ రాత్రంతా వదిన నిద్రపోలేదు. కిటికీలో ముఖం పెట్టి, చీకట్లో వెనక్కు పోతున్న గుట్టలనే చూస్తూ కూర్చుంది. ఆ గుట్టలన్నీ తన పెళ్ళికి వచ్చిన చుట్టాలన్నట్టు ఒక్కొక్కదాన్నీ సాగనంపుతోంది.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పకపోతే నా తెలివితేటలు మీకు పూర్తిగా బోధపడవు. మదనపల్లె బయట క్షయరోగుల శానిటోరియం ఉంది. నాన్న అందులో కాంపౌండరు. నాకు ఊహ తెలిసినప్పటినుంచి చూసింది అదే: పొడుగాటి వరండా, వరుసగా వాలుకుర్చీలు, ప్రతి కుర్చీలో గడ్డం దాకా దుప్పటి కప్పుకుని కొండలవైపు చూస్తూ పడుకున్న మనిషి, చేతికందేటట్టు కఫం ఉమ్మడానికి మూత కప్పు. గంట కొట్టాక ఎవరూ మాట్లాడకూడదు. కాసేపటికి తెల్లకోటు మనిషి ఒకడు పాలో సూపో పంచుకుంటూ పోతాడు. చలికాలపు పొద్దున మంచు దిగితే, ఆ వరండా నేలనుంచి విడిపోయి మనుషులతో సహా మెల్లగా ఆకాశంలోకి తేలిపోతున్నట్టు ఉండేది. మా ఊళ్ళో పగటిపూట ఆరుబయట దుప్పటి కప్పుకుని వాలుకుర్చీలో పడుకున్న మనిషికి ఇంకో అర్థం లేదు. రైతు అట్లా పడుకోడు. ప్లీడరు పడుకోడు. ఆఖరుకు మా మేనమామ కూడా పడుకోడు; ఆయనకు ఏ పనీ లేకపోయినా అరుగుమీదే పడుకుంటాడు. ఇంకో మర్యాద కూడా మాకు అలవాటు. ఆ జబ్బు పేరు పైకి అనం. 'ఛాతీ బాగాలేదు' అని తల పక్కకు తిప్పుకుంటాం. అంతటితో అవతలివాళ్ళకు అంతా అర్థమవుతుంది.

ఓడ మద్రాసు రేవు దాటిన మర్నాటికి గాలి లేచింది. వదిన తలతిరిగి కాబిన్‌లోనే పడుకుంది. నాకేమీ కాలేదు. నా కడుపు కూడా నా అభిప్రాయాల్లాగే, ఏ తుఫానుకూ కదలదు. పొద్దున్నే పైకెక్కాను.

పైన సముద్రానికీ ఆకాశానికీ మధ్య గీత చెరిగిపోయి ఉంది. అంతా ఒకే పాలరంగు. ఓడ నీటి మీద పోతోందో, ఎవరి నిద్రలోనో పోతోందో చెప్పలేం. ఎక్కడో కింద యంత్రం పిల్లి గురకలాగా సన్నగా మూలుగుతోంది. ఆ పాలవెలుగులో, నా ఎదుట, ఈ చివరనుంచి ఆ చివరదాకా వాలుకుర్చీలు. వాటిల్లో దొరలు, దొరసానులు, మనవాళ్ళు, గడ్డం దాకా దుప్పట్లు, తెల్లగా పాలిపోయిన ముఖాలు. ఎవరూ మాట్లాడరు. పక్కన బేసిన్లు. ఇంతలో గంట మోగింది. తెల్లకోటు బట్లరు మూత కప్పుల్లో సూపు తెచ్చి ఒక్కొక్కరి చేతికీ ఇస్తూ, ఒక్కొక్కరివైపూ జాలిగా చూస్తూ పోయాడు.

మా శానిటోరియం నన్ను వెతుక్కుంటూ నడిసముద్రంలోకి వచ్చేసింది.

అయినా చదువుకున్నదాన్ని కదా, నిర్ధారణ లేకుండా నమ్ముతానా? చివరి కుర్చీలో తంజావూరు పెద్దమనిషి ఒకాయన కళ్ళు లోతుకు పోయి పడుకుని ఉన్నాడు. నాన్న నేర్పినట్టు గాలికి ఎగువన నిలబడి, ఇంగ్లీషులో మెత్తగా పలకరించాను.

"ఎప్పటినుంచి ఇట్లా ఉంది?"

"ఓడెక్కినప్పటినుంచీ."

"ఇంట్లో ఇంకెవరికైనా?"

"కింద నా భార్యకు. తల కూడా ఎత్తలేకపోతోంది. పోయినసారి మా అబ్బాయికీ ఇంతే."

ఇల్లు ఇల్లంతా పోతోంది. "డాక్టరు ఏమంటున్నారు?"

"నేనే డాక్టరునమ్మా," అని ఆయన నీరసంగా నవ్వాడు. "దీనికి మందు లేదు. గట్టు చేరితే అదే పోతుంది."

ఈ జబ్బువాళ్ళకు ఆఖరుదాకా ఆశ చావదని నాన్న చెప్పేవాడు. కళ్ళ నీళ్ళు అదుముకుని వచ్చేశాను. మెట్లు దిగేలోపలే నాకు మొత్తం తెలిసిపోయింది. సముద్రపు గాలి ఛాతీకి మంచిదని రోగులను పోగుచేసి, మామూలు ప్రయాణికులకు చెప్పకుండా తిప్పుతున్న ఓడ ఇది. అన్నేళ్ళు కాచుకున్న మనిషిని తీసుకుపోయి, ఆ జబ్బుతో సహా అన్న చేతిలో పెట్టాలా?

వదినను పైకి పోవద్దన్నాను. ఎందుకని అడిగితే మర్యాదకొద్దీ చెప్పలేదు. ఖాదర్ సాయిబుకు మాత్రం చెప్పాను. "ఈ ఓడలో పైన అందురికీ ఛాతీ బాగలేదు సాయిబన్నా," అని తల పక్కకు తిప్పుకున్నాను. పుంగనూరు మనిషికి అంతకంటే వివరం అక్కరలేదు. మధ్యాహ్నానికల్లా కింది డెక్కులోని మనవాళ్ళూ అరవవాళ్ళూ చాపలు చుట్టుకుని, ట్రంకుపెట్టెలు ఈడ్చుకుని, ఓడ వెనకకొసకు చేరిపోయారు. తాళ్ళు లాగే చోట పిల్లలు ఉయ్యాలలు కట్టుకున్నారు. కదలమని చెప్పడానికి వచ్చిన ఓడ ఉద్యోగిని చూసి అందరూ ఒకేసారి ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకున్నారట. ఆయనకు ఏం అర్థమైందో పాపం.

ఆ సాయంత్రమే వదినకు కడుపునొప్పి మొదలైంది. ముందు బొడ్డు చుట్టూ అంది. తర్వాత కుడివైపుకు దిగిందంది. నేను వాము నమిలించాను. వేడినీళ్ళ సీసాతో కాపడం పెట్టాను. అపెండిక్సుకు కాపడం ఎంత చేటో ఇప్పుడు మీ ఇంటి పనిమనిషికి కూడా తెలుసు. అప్పుడు నాకు తెలియదు. తెలియని విషయాలు ఉంటాయనే నాకు తెలియదు.

తెల్లవారేసరికి ఒళ్ళు పెనంలా కాలుతోంది. వదిన మోకాళ్ళు ముడుచుకుని, గుండ్రటి కిటికీలో పైకీ కిందికీ ఊగుతున్న నీలిరంగును చూస్తూ పడుకుంది.

"ఎట్లుండాది వదినా?"

"నొస్తాండాది. సముద్రం లోపలికి వచ్చి పోతాండినట్టుండాది."

ఖాదర్ సాయిబు గుమ్మం దగ్గర నిలబడి అంతా చూశాడు. "డాక్టరును పిలువమ్మా," అన్నాడు.

"పిలిస్తే పైకి తీసుకపోతారు. ఆడ పడుకోబెడితే ఇంగేముండాది?"

"ఆ జబ్బు సంపడానికి ఏండ్లు పడతాది తల్లీ. ఇది అంతసేపు కాసుకునేట్టు లేదు."

వాదనలో ఇంత మంచి మాట ఎదుటివాళ్ళ నోట్లోంచి రావడం నేను సహించలేను. జవాబు వెతుక్కుంటూ ఉండగానే ఆయన వెళ్ళి డాక్టరును వెంటబెట్టుకుని వచ్చాడు. ఓడ డాక్టరు మలయాళీ, మద్రాసులో చదివినవాడు, ఎప్పుడూ సగం నిద్రలో ఉన్నట్టుండే మనిషి. వదిన కడుపు మీద వేళ్ళు ఆనించగానే ఆ నిద్ర కాస్తా ఎగిరిపోయింది. అపెండిక్సు, ఆలస్యం చేస్తే పగులుతుంది, పినాంగు దాకా ఆగదు, ఇక్కడే కోయాలి అన్నాడు. స్ట్రెచరు తెప్పించాడు.

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. అవును, నిలబడ్డాను. మీరు అంతగా తల కొట్టుకోనక్కరలేదు, నేను చాలాసార్లు కొట్టుకున్నాను.

"దారి వదలండి," అన్నాడు.

"ఎక్కడికి తీసుకుపోతారు?"

"పైన ఆసుపత్రి గదికి."

"వాళ్ళ మధ్యనుంచా?"

"ఎవరి మధ్యనుంచి?"

"ఏమీ ఎరగనట్టు మాట్లాడకండి డాక్టరుగారూ. నేను మదనపల్లె మనిషిని. మా నాన్న శానిటోరియంలో పనిచేస్తాడు. పుట్టినప్పటినుంచి ఆ జబ్బు మధ్యనే పెరిగాను. నాకు కళ్ళున్నాయి."

ఆయన నన్ను నిదానంగా, తలనుంచి కాళ్ళ దాకా ఒకసారి చూశాడు. దొరికిపోయాడు, గెలిచాననుకున్నాను. అప్పుడు వెనకనుంచి వదిన గొంతు వినిపించింది.

"ఎస్తేరూ, నువ్వే గెలిచినావులే. నన్ను పోనీ. నేను ఆయప్పను సూడాల."

నా జీవితంలో నేను మారు మాట్లాడకుండా తప్పుకున్న వాదన అదొక్కటే.

ఓడలో ప్రాణం మీదికొస్తే ఏం చేస్తారని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు, నేనేదో ఓడలు నడిపినట్టు. ఏం చేస్తారంటే, ఓడ మొత్తం ఒక్క మనిషి అయిపోతుంది. వైర్‌లెస్ గదిలో కూర్చున్నాయన చుట్టుపక్కల ఓడల్లో ఇంకో డాక్టరున్నాడేమోనని టకటకా అడిగాడు. దగ్గరలో ఓడే లేదు. ఆపరేషను బల్లను తాళ్ళతో గోడలకు బిగించారు. వంటగది పెద్ద డేగిసాల్లో కత్తులూ కత్తెరలూ ఉడికాయి. ఊపు తగ్గేటట్టు కెప్టెన్ ఓడ ముఖాన్ని గాలికి అనువుగా తిప్పించాడు. ఇక మత్తు ఇవ్వడానికి మనిషి కావాలి. పైన పడుకున్న తంజావూరు ఆయన పెద్ద సర్జను అని డాక్టరుకు గుర్తొచ్చింది.

ఆయన దుప్పటి విసిరేసి, గోడలు పట్టుకుంటూ, పచ్చబడిన ముఖంతో వచ్చాడు. గది బయట కాపలా ఉన్నది ఎవరో మీరు ఊహించగలరు.

"మీరు లోపలికి పోకూడదు. మీ ఛాతీ..." అన్నాను.

"నా ఛాతీకేమైంది?"

"మీరందరూ ఆ కుర్చీల్లో... మా మదనపల్లెలో ఆ కుర్చీల్లో పడుకునేవాళ్ళు..."

దక్షిణాదిలో మా ఊరి పేరూ, ఆ పేరు ఎందుకు వచ్చిందో తెలియని డాక్టరు ఉండడు.

"అమ్మా, మాకు వాంతులు. ఓడ ఊపుకి. ఆ వరసలో అందరికీ అంతే."

"మరి దుప్పట్లు?"

"చలి."

"మూత కప్పులు?"

"సూపు ఒలకకుండా."

"ఒక్కరూ మాట్లాడరేం మరి?"

"నోరు తెరిస్తే ఏం జరుగుతుందో మీకింకా అనుభవం కాలేదు," అని నన్ను పక్కకు జరిపి లోపలికి పోయాడు. తలుపు మూసుకుంది.

మెట్ల మీద కూర్చున్నాను. కొంతసేపటికి యంత్రం మూలుగు మెల్లమెల్లగా సన్నగిల్లి ఆగిపోయింది. అంతసేపూ ఆ చప్పుడు ఉందని కూడా మరిచిపోయాను, ఆగాక తెలిసింది. అంత నిశ్శబ్దం నేను ఎక్కడా వినలేదు. గాలి కూడా తగ్గింది. సముద్రం కరగబెట్టిన పచ్చగాజులాగా పరుచుకుని ఉంది. దాని మీద అంత పెద్ద ఓడ, ఒకమ్మాయి కడుపులోని చిటికెన వేలంత ముక్క కోసం ఊపిరి బిగబట్టి నిలబడింది. కుర్చీల్లోని రోగులు నాకిప్పుడు రోగులు కారు. ఒక్కొక్కరే లేచి కూర్చుని, తలుపు వైపు చూస్తున్నారు. వెనకకొసన ఖాదర్ సాయిబు వాళ్ళు చాపలు పరుచుకుని నమాజు చేస్తున్నారు. నేను అట్లా చూస్తూ చూస్తూ ఎక్కడున్నానో మరిచిపోయాను. కుప్పం గుట్టలు నీళ్ళ మీద తేలుతూ మా వెంట వస్తున్నాయనీ, వాటి అవతల అన్న రేవులో చేతులు చాచి నిలబడి ఉన్నాడనీ, ఆ చేతుల్లో పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదనీ అనిపించింది. దేవుడికి ప్రార్థన మొదలుపెట్టాను. మామూలుగా ఆయనతో కూడా కాస్త వాదిస్తాను. ఆ రోజు వాదించలేదు.

తలుపు తెరుచుకుంది. తంజావూరు ఆయన చెమటలు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన మెట్టు మీద కూలబడ్డాడు. "బతికింది. అపెండిక్సు పగలడానికి సిద్ధంగా ఉండింది. మీరింకాసేపు మాట్లాడి ఉంటే పగిలేది," అన్నాడు. అని లేచి, కటకటాల దగ్గరికి పరుగెత్తి, సముద్రంలోకి వంగాడు. ఓడ మళ్ళీ కదిలింది కదా.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. కెప్టెన్ అనుకోలేదు. కింది డెక్కు మనుషులు వెనకకొసను వదిలి రావడం లేదు. ఓడలో క్షయ ఉందని వాళ్ళ నోటిమాట. ఆ మాట ఒకసారి కెప్టెన్ చెవిన పడ్డాక ఆయన ఊరుకోకూడదట. రోగి ఎవరో తేల్చి, విడిగా ఉంచి, రేవులో డాక్టరుకు చూపించాకే నేలమీద దింపాలట. తేల్చమని మలయాళీ డాక్టరుకు చెప్పాడు. ఆయనకు తేల్చడానికి ఎంతోసేపు పట్టలేదు. ఊరు మదనపల్లె. తండ్రి శానిటోరియం. పుట్టినప్పటినుంచి ఆ జబ్బు మధ్యనే పెరిగినట్టు స్వయంగా ఒప్పుకుంది. పైగా మెట్ల మీద తడిగాలిలో అంతసేపు కూర్చున్నందుకు నాకు ఆ రోజునుంచి ఖళ్ళుఖళ్ళున దగ్గు.

ఎంత వాదించానో మీరు నమ్మరు. వాదించిన కొద్దీ దగ్గు వచ్చింది. దగ్గిన కొద్దీ ఆయన తల ఊపాడు.

డెక్కు చివర ఒక మూల తాడు కట్టి, దాని లోపల ఒక్క వాలుకుర్చీ వేశారు. గడ్డం దాకా దుప్పటి కప్పారు. మాట్లాడవద్దన్నారు. గంట మోగగానే తెల్లకోటు బట్లరు మూత కప్పు తెచ్చి, చేయి చాచినంత దూరంలో పెట్టి, జాలిగా చూసి పోయేవాడు. సముద్రం శాంతించింది. వాంతులు తగ్గిన దొరసానులు తాడు అవతల షికారు చేస్తూ నన్ను చూసి గొంతు తగ్గించేవాళ్ళు. నిజం చెప్పొద్దూ, అట్లా పడుకుని ఆకాశాన్ని చూస్తుంటే, మేఘాలు నిలబడి ఓడే వాటికింద నిద్రలో నడుస్తున్నట్టుంటే, జబ్బుపడటంలో ఇంత సుఖముందా అనిపించింది. ఆ సుఖాన్ని చెడగొట్టడానికి ఖాదర్ సాయిబు తన జనాన్ని వెంటబెట్టుకుని చూడవచ్చాడు.

"పాపం, అంత సదువు సదివింది," అన్నాడు వాళ్ళతో. "మనల్నందుర్నీ ముందే జాగర్త పడమనె తల్లి. తనకే ఉండాదని మాత్రం సెప్పలా."

ఈ మాటలు బట్లరు ద్వారా వదినకు చేరాయి. కుట్లు వేసిన మనిషి నవ్వకూడదు. నవ్వి, నొప్పికి ఏడ్చి, మళ్ళీ నవ్విందట.

పినాంగు రేవులో వదినను స్ట్రెచరు మీద దింపారు. అన్న కింద నిలబడి ఉన్నాడు. సగం మనిషి అయ్యాడు, తల నెరిసింది. వదిన తల పక్కకు తిప్పి చూసింది. ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టడానికి కాస్త సేపు పట్టింది. తర్వాత అన్న స్ట్రెచరు మోసేవాడిని తప్పుకోమని, ఆ కొస తానే పట్టుకున్నాడు. పైన తాడు లోపలినుంచి నేను చూస్తూనే ఉన్నాను. అమ్మ చెప్పిన పని అయిపోయింది. నా చేతులతో కాకపోయినా.

రేవు డాక్టరు వచ్చి నా వీపు మీద గొట్టం పెట్టి, ఊపిరి తీయమని, వదలమని, దగ్గమని, చాలాసేపు విన్నాడు. అప్పటికే నేను ఆయన గొట్టం సరిగ్గా పెట్టడం లేదని మూడు కారణాలు చెప్పాను. ఆయన గొట్టం మడిచి జేబులో వేసుకుని, మలయాళీ డాక్టరుతో అన్నాడు: "ఊపిరితిత్తులు భేషుగ్గా ఉన్నాయి. ఇంత గట్టివి నా సర్వీసులో వినలేదు. వాటికి పని ఎక్కువ కావడంవల్లనే అనుకుంటాను."

ఆ రోజు నేల మీద కాలు మోపుతూనే, ఎదురుగా ఉన్న సముద్రం సాక్షిగా గట్టి ఒట్టు పెట్టుకున్నాను. పగటిపూట వాలుకుర్చీలో పడుకున్న మనిషిని చూసి ఈ జన్మలో రోగం నిర్ణయించను. ఇన్నేళ్ళుగా ఆ ఒట్టు తప్పలేదు. ఇప్పుడు ఇది రాస్తుంటే మా ఆయన వరండాలో అట్లాగే పడుకుని ఉన్నాడు. ఆయనకు బద్ధకం అని నేను అంటే, అది రోగనిర్ణయం కిందికి రాదు. వస్తుందని ఎవరైనా అంటే, వాదించడానికి నేను సిద్ధం. ఊపిరితిత్తులు ఇంకా భేషుగ్గానే ఉన్నాయి.